నా ముఖానికి నేనే పట్టిన పాలిష్

ఆ అబద్ధం చెప్పడానికి నాకు తుమ్మినంత సేపు కూడా పట్టలేదు. ఫోన్లో అవతలి మనిషి "తమరి వయసెంతండీ?" అని మర్యాదగా అడిగాడు. నేను అంతే మర్యాదగా "యాభై రెండండీ" అన్నాను. ఆ రోజుకు నాకు యాభై ఏడు నిండి రెండు నెలలు. అడిగినాయనది చీరాలలో పరుపుల దుకాణం. ఆయన చెల్లెలికీ నాకూ పెళ్లి మాటలు నడుస్తున్నాయి. చీరాల నుంచి వచ్చి పక్కనే కూర్చుని వింటున్న మా అమ్మాయి ఫోన్ పెట్టేసేదాకా ఆగి, "ఆ అయిదేళ్లు ఎక్కడ దాచావు నాన్నా?" అంది.

ఎక్కడా దాచలేదు. అన్నీ నా ముఖం మీదే ఉన్నాయి. వచ్చిన చిక్కల్లా అదే.

నేను మార్టూరులో గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీలో మేస్త్రీని. మేము దూదేకులవాళ్లం. మసీదుకు పోతాం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మా నాన్న ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. ఆ పని నాకు నచ్చక రాళ్లలోకి వచ్చాను. మెత్తనిది వదిలేసి గట్టిది పట్టుకున్నావని నాన్న వెక్కిరించేవాడు. నా భార్య పోయి అప్పటికి ఆరేళ్లు. ఆ ఆరేళ్లూ నేనే వండుకుని తిన్నాను. వంట నాకు బాగానే వచ్చు. తిన్నాక ఉప్పు ఎక్కువైందని తిట్టే మనిషి లేకపోవడమే అలవాటు కాలేదు.

మా అమ్మాయి కాపురం చీరాలలో. ఒకసారి పరుపు కొనడానికి ఆ దుకాణానికి వెళ్లి, పరుపు సంగతి మర్చిపోయి ఆమె సంగతి మోసుకొచ్చింది. "యాభై ఏళ్లంట నాన్నా, చూస్తే నలభై అంటారు. ముఖం మీద మచ్చ లేదు, గీత లేదు. వాళ్లాయన పోయి చాలా ఏళ్లయిందంట, పిల్లల్లేరు. నవ్వితే వీధి చివరికి వినపడుద్ది. నువ్వు ఊఁ అను, నేను మాట్లాడతా." నేను రెండు రోజులు కుదరదన్నాను. మూడో రోజు ఎవరూ చెప్పకుండానే వెళ్లి కొత్త చొక్కా కుట్టడానికిచ్చాను. దర్జీ కొలతలు తీసుకుంటూ "ఏంటి విశేషం?" అంటే ఏమీ లేదన్నాను. మళ్లీ నేనే "కాలరు కాస్త కొత్త రకంగా పెట్టు" అన్నాను.

రంజాన్ నెల మొదలయ్యేలోపు చూపులు అయిపోవాలని ఆ అన్నగారి మాట. వచ్చే శుక్రవారం కాక ఆపై శుక్రవారం సాయంత్రం రమ్మన్నారు. అంటే నా చేతిలో పన్నెండు రోజులు.

మా ఫ్యాక్టరీలో పాలిష్ పూర్తయిన నల్లరాయిని గోడకు ఆనించి నిలబెడతాం. అందులో పైన ఉన్న ట్యూబ్‌లైటు వంకర లేకుండా కనపడితే పని కుదిరినట్టు. ముప్పై ఏళ్లుగా ఆ రాళ్ల ముందు నిలబడి లైటునే చూశాను తప్ప నన్ను నేను చూసుకున్నది లేదు. ఆ సోమవారం చూసుకున్నాను. నుదుటి మీద మూడు గీతలు, నాగలితో దున్నినట్టు. కళ్ల పక్కన గుప్పెడు. ముక్కు దగ్గర్నుంచి మూతి దాకా రెండు కాలవలు. స్కూటర్ మీద పోయేటప్పుడు ఎండ పడే వైపు చెంప నల్లగా, రెండోది కాస్త నయంగా ఉంది. ఇందులో యాభై రెండు ఎక్కడైనా కనపడుతుందేమోనని తల అటూ ఇటూ తిప్పి చూశాను. యాభై తొమ్మిది దాకా కనపడింది.

మా అమ్మాయికి ఫోన్ చేశాను. అది తల్లిలాగే ఏదడిగినా ముందు కోప్పడి తర్వాత చెబుతుంది. "ఇన్నాళ్లూ చెవిన పెట్టావా? ఎండలో పోయేటప్పుడు తలకీ ముఖానికీ తువ్వాలు చుట్టుకో. రెండు పూటలా మామూలు నీళ్లతో కడుక్కో. తడి ఆరకముందే కాస్త క్రీము రాసుకో. నీళ్లు తాగు. సెల్లు పక్కనపెట్టి పెందలాడే పడుకో. ముందు ఆ బీడీలు మానెయ్" అంది. నేనన్నాను, "అమ్మా, పన్నెండు రోజుల్లో అయిదేళ్లు దిగాలి. దీనికి మంచినీళ్లు చాలవు."

నిజం చెప్పాలంటే నాకు పొగరు. గరుకును నున్నగా చేయడమే నా బతుకు. కొండలోంచి మొరటుగా వచ్చిన బండకు అద్దంలాంటి ముఖం తెప్పించేవాణ్ణి నేను. అలాంటి నాకు, ఇంత ముఖానికి, ఎవరో క్రీము చెప్పాలా?

రాయికి పాలిష్ పట్టడం నంబర్ల లెక్కన నడుస్తుంది. తక్కువ నంబరున్న రుద్దుడు బ్లాకు బాగా గరుకు. నంబరు పెరిగేకొద్దీ మెత్తదనం పెరుగుతుంది. ఒక నంబరు ఎగ్గొట్టి పై నంబరుకు పోయామంటే కింది గీతలు అలాగే ఉండిపోతాయి. పట్టినంత సేపూ పైనుంచి నీళ్లు పడుతూనే ఉండాలి. చివర్లో పుల్లటి గుణమున్న తెల్లపొడి చల్లి బఫ్, అంటే మెత్తటి చక్రం, తిప్పితే మెరుపొస్తుంది. ఇదంతా నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. అందుకే కొంప మునిగింది.

మంగళవారం తెల్లవారుతూనే పెరట్లో కొళాయి కింద పీట వేసుకుని కూర్చున్నాను. నీళ్లు ధారగా వదిలాను. మొదటి నంబరు ఎండిన బీరపీచు. రెండోది ఇడ్లీ రవ్వ. మూడోది పెసరపిండి, నాలుగోది పల్చటి గుడ్డలో జల్లించిన బియ్యప్పిండి. ఒక్క నంబరు ఎగ్గొట్టలేదు. ప్రతి నంబరుకూ ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా, మిషను తల తిరిగినట్టే గుండ్రంగా రుద్దాను. తెల్లపొడి ముఖానికి పనికిరాదన్న ఇంగితం ఉంది కాబట్టి దాని బదులు నిమ్మచెక్క పులిమాను. ఆఖరున పాత లుంగీ ముక్కను చేతికి చుట్టుకుని బఫ్ కొట్టాను. పక్కింటావిడ గోడ మీదుగా చూసి, "ఏం అన్నయ్యా, రంగు పడిందా ముఖం మీద?" అంది. "వదిలిస్తున్నానమ్మా" అన్నాను.

మెరిసింది! దాపరికం ఎందుకు, ముఖం నిజంగానే మెరిసింది. ఫ్యాక్టరీకి వెళ్తే మిషను మీదున్న కుర్రాళ్లు పని ఆపి చూశారు. "మేస్త్రీ, ఏ నంబరు దాకా పట్టించావు?" అన్నాడొకడు. వాడు ఊరికే అన్నాడు, నేను మాత్రం ఉలిక్కిపడ్డాను. నల్లరాయి ముందు నిలబడి చూసుకుంటే మొదటి రోజే ఒక సంవత్సరం దిగినట్టు అనిపించింది. రోజుకొకటి చొప్పున వేసుకుంటే శుక్రవారానికి నలభై ఆరుకు వచ్చేస్తానేమో, అప్పుడు మళ్లీ ఇంకో అబద్ధం చెప్పాలేమోనని నాలో నేనే నవ్వుకున్నాను. ఆ సాయంత్రం స్కూటర్ మీద ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను. నేను ఈల వేయడం మా వీధి కుక్కలకు కూడా కొత్త.

రాయి మొండికేస్తే ఒత్తిడి పెంచుతాం. బుధవారం నేనూ పెంచాను. గురువారం కాస్త మంట పెట్టింది, పని చేస్తున్నట్టుందని సంతోషించాను. శుక్ర, శని కూడా వదల్లేదు. ఆదివారం సెలవు కదాని రెండు కోటింగులు వేశాను. సోమవారం పొద్దున ముఖం బిగుసుకుపోయి నవ్వడానికి రాలేదు. ముడతలు బిగిసిపోయాయనుకుని చంకలు గుద్దుకుంటూ స్కూటరెక్కాను.

మా ఊరి నుంచి మార్టూరు పోయే దారిలో ఆ రోజుల్లో రెండు పక్కలా మిరప కళ్లాలే. కోసిన కాయలు నేల మీద ఎర్రగా పరిచి ఆరబెడతారు, ఆడవాళ్లు వరసగా నిలబడి తిరగేస్తుంటారు. రోజూ పోయే దారే. ఏనాడూ తుమ్ము తప్ప ఏమీ ఎరగను. ఆ పొద్దున సరిగ్గా నేను పోయేటప్పుడు గాలి లేచింది. కాయల మీది ఘాటంతా వచ్చి నేను నాలుగు నంబర్లతో పట్టిన పాలిష్ మీద వాలింది.

కేకేశాననే అనుకుంటాను. స్కూటర్ ఎలా ఆపానో తెలియదు. కళ్లం పక్కన నీళ్ల డ్రమ్ము కనపడితే పరిగెత్తి తల ముంచాను. లేచేసరికి చుట్టూ ఆడవాళ్లు. మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కాలు తొడుక్కుని, కళ్లు మాత్రం కనపడేలా ముఖాలకు గుడ్డలు చుట్టుకుని ఉన్నారు. "ఏందయ్యా, తేలు కుట్టిందా?" అని ఒకామె అడిగింది. మంటలో మనిషికి అబద్ధం కూడా రాదు. "కాదమ్మా, పెళ్లిచూపులు!" అన్నాను.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత రవ్వ దగ్గర్నుంచి నిమ్మచెక్క దాకా నేనే మొత్తం చెప్పుకున్నాను. ఇక చూడాలి ఆ నవ్వులు! ఒకామె కాయల మీదే కూలబడింది. కళ్లం మేస్త్రీ అరిచే లోపు మరొకామె ఆ కథ పక్క కళ్లం వాళ్లకు కేకేసి చెప్పేసింది. అందరిలోకీ పెద్దావిడ మాత్రం నవ్వుతూనే తన అన్నం క్యారేజీలోంచి మజ్జిగ తీసి నా ముఖం మీద పోసింది. "దేవుడిచ్చిన తోలు గీక్కుంటావంటయ్యా? మేం ఎండకు కందకూడదని ఇన్ని గుడ్డలు కట్టుకుంటుంటే!" అంది. మజ్జిగ కారుతూ, మంట కాస్త తగ్గి, వాళ్ల నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది. నవ్వితే ముఖం పగిలింది.

ఆ రోజే చిలకలూరిపేట వెళ్లి చర్మం డాక్టరమ్మకు చూపించుకున్నాను. ఆమె వయసు మా అమ్మాయి వయసు. దగ్గరగా లైటు పెట్టి చూసి, "ఏం చేశారు పెద్దాయనా?" అంది. ఆ పెద్దాయనా అన్నది మిరప ఘాటు కన్నా ఎక్కువ మండింది. ఏం పని చేస్తానో, ఏం చేశానో చెప్పాను. ఆమె నవ్వు ఆపుకోలేక కాసేపు కాగితం మీద ఏదో రాస్తున్నట్టు తల వంచుకుంది.

"రాయికి పై పొర తీస్తే కింద ఇంకో రాయి ఉంటుంది. మీకు కింద ఏముందనుకున్నారు?" అని అడిగింది. "పై పొరే మనల్ని కాపాడేది. మీరు దాన్ని వారం రోజులు కూర్చుని ఊడబెరికారు. ఇక రుద్దడం బంద్. సబ్బు బంద్. మామూలు నీళ్లు, మెత్తటి గుడ్డతో అద్దుకోవడం, ఈ ఆయింట్‌మెంట్ పల్చగా రాయడం. ఎండ తగలనివ్వొద్దు. మానాక కూడా తువ్వాలు లేకుండా బయటికి పోవద్దు, ఎండకు రాసే క్రీము రాస్తాను, అది రోజూ. బీడీ తాగుతారా?" తాగుతానన్నాను. "మానెయ్యండి. అది లోపల్నుంచి గీతలు గీస్తుంది." అచ్చం మా అమ్మాయి చెప్పిందే, ఫీజు తీసుకుని చెప్పింది.

"శుక్రవారానికి తగ్గుతుందా?" అని అడిగాను. పది రోజులు పడుతుందంది. నాకున్నవి నాలుగు.

వాయిదా వేద్దామని మా అమ్మాయి. వేస్తే రంజాన్ వస్తుంది, నెల ఆగాలి. ఆ నెలలో వాళ్లు ఎవరినైనా అడిగి నా అసలు వయసు తెలుసుకుంటారు. ఇంకో మంచి సంబంధం రావచ్చు. వాళ్లన్నతో ఫోన్లో రెండుసార్లు మాట్లాడినప్పుడు ఆమె వెనకనుంచి నవ్విన నవ్వు విన్నాను. ఆ నవ్వు నా ఇంట్లో వినపడాలని నాకు ఎంత ఆశగా ఉందో అప్పుడే తెలిసింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ వయసులో గుండె దడదడలాడితే భలే ఉంటుంది. "వెళ్దాం" అన్నాను.

శుక్రవారం చీరాలలో మా అమ్మాయి ఇంటికి చేరి కొత్త చొక్కా వేసుకున్నాను. ముఖం ఎర్రగా, అక్కడక్కడ పొట్టు లేచి ఉంది. డాక్టరమ్మ ఆయింట్‌మెంట్ పల్చగా రాయమంది కదా, నేను గోడకు సున్నం కొట్టినట్టు దట్టించాను. పొట్టు అణిగింది. ముఖం మళ్లీ మెరుస్తోంది. నాలుగున్నరకే ఆటో ఎక్కేద్దామని మా అమ్మాయిని తొందర పెట్టాను. అయిదున్నరకు రమ్మంటే అయిదుకే దిగాం.

ముందు దుకాణం, వెనక ఇల్లు. లోపలికి దారి దుకాణంలోంచే. మా అమ్మాయి ఆటోవాడితో మాట్లాడుతుంటే నేను ఆగలేక ముందు అడుగు పెట్టాను. ఏదో పెళ్లివారి పరుపులు తొందరగా కావాలన్నారేమో, దూది ఏకే మిషను తిరుగుతోంది. గది నిండా తెల్లటి నూగు ఎగురుతోంది. మిషను దగ్గర ఒకామె, కళ్లు మాత్రం వదిలి తల నుంచి మెడ దాకా గుడ్డ చుట్టుకుని దూది వేస్తోంది. దూదేకులవాడి కొడుకును, దూది నూగు దేనికి అంటుకుంటుందో నాకు తెలియాలి. గుమ్మం దాటి రెండు అడుగులు వేశానో లేదో, చెంపలు, గడ్డం, నుదురు, కనుబొమలు, ఆయింట్‌మెంట్ ఉన్న చోటల్లా దూది వచ్చి అంటుకుపోయింది.

ఆమె మిషను ఆపి నా వైపు చూసింది. కనపడినవి రెండు కళ్లే. వాటిలో గౌరవం నిండిపోయింది.

"సలామండీ, రండి, కూర్చోండి" అంటూ ఎదురొచ్చి, నా వెనక వాకిట్లోకి తొంగి చూసింది. "పెళ్లికొడుకు గారు వెనకాల వస్తున్నారా? మీరు వాళ్ల నాన్నగారా?"

గోడకున్న అద్దంలో నన్ను చూసుకున్నాను. బొడ్డు దాకా లేదు గానీ గుప్పెడు తెల్లగడ్డం, తెల్ల కనుబొమలు. ఎనభై ఏళ్ల ముసలాడు కొత్త రకం కాలరు వేసుకుని నిలబడి ఉన్నాడు. అయిదేళ్లు దించుకోవడానికి పన్నెండు రోజులు పడిన పాట్ల ఫలితం అది.

"నేనేనండీ పెళ్లికొడుకుని" అన్నాను.

నవ్వింది. మా అమ్మాయి చెప్పింది నిజమే, వీధి చివరికి వినపడి ఉంటుంది. నవ్వి నవ్వి కొత్త పరుపు మీద కూలబడింది, ముఖానికి చుట్టిన గుడ్డ ఊడింది. లోపలికి వచ్చిన మా అమ్మాయి నన్ను చూసి, ఆమెను చూసి, వచ్చిన దారినే బయటికి పరిగెత్తి గోడ పట్టుకుని నవ్వింది. ఆ నవ్వుల మధ్య ఆమె ముఖం చూశాను. నిజంగానే నున్నటి ముఖం. "ముఖానికి ఏం రాస్తారండీ?" అని అడిగేశాను. పెళ్లిచూపుల్లో మగవాడు అడగాల్సిన ప్రశ్నేనా అది!

"ఏమీ రాయను. దూది పడుద్దని గుడ్డ కట్టుకుంటా. పని అయ్యాక కడుక్కుంటా. ఎండలోకి పోయే పని పెద్దగా లేదు, పోతే గొడుగుంది" అంది. తడిగుడ్డ తెచ్చి నా చేతికిచ్చింది. "రుద్దకండి, అద్దండి" అంది. అద్దుతుంటే దూది కింద పొట్టు లేచిన ముఖం బయటపడింది. ఆమె నవ్వు ఆగింది. "అయ్యో, ఏమైందండీ ఇది?"

అప్పుడు అన్నీ చెప్పేశాను. యాభై రెండు కాదు యాభై ఏడన్నాను. రాయి నంబర్లు చెప్పాను, రవ్వ, నిమ్మచెక్క, మిరప కళ్లం, మజ్జిగ, ఏదీ దాచలేదు. ఇక అయిపోయిందని తెలుసు, అయినా ఆగలేదు. చివర్లో, "మీ ముఖం పక్కన నా ముఖం చూసి జనం నవ్వుతారని భయపడ్డానండీ" అన్నాను.

ఆమె వింటూ ఒళ్లో ఉన్న దూది పింజలు ఒక్కొక్కటే విడదీస్తోంది. "మా ఆయన ముఖం మీద ఒక్క గీత ఉండేది కాదండీ" అంది. "ముప్పై ఎనిమిదేళ్లకు పోయాడు. స్నానం చేయించి తీసుకుపోయేటప్పుడు చూశా, చిన్నపిల్లాడి ముఖంలా ఉంది. అప్పట్నుంచి ఎక్కడన్నా ముడతలు పడ్డ ముసలాయన పెళ్లాం పక్కన నడిచిపోతుంటే నిలబడి చూసేదాన్ని. ఆమె ఎంత అదృష్టవంతురాలో అనిపించేది. నాకు అట్టాంటి మనిషి కావాలని దువా చేసుకున్నా. మీరేమో వచ్చినవి గీకేసుకుంటున్నారు."

నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. తుడుచుకోబోతే ఆమె "రుద్దకండి" అని మళ్లీ హెచ్చరించింది. ఇద్దరం ఒకేసారి నవ్వాం. నాకు నవ్వితే నొప్పి పుట్టింది, అయినా ఆపలేదు.

అంతలో ఆమె అన్నగారు మసీదులో సాయంత్రం అసర్ నమాజు ముగించుకుని వచ్చాడు. పరుపు మీద చెల్లెలు, కుర్చీలో సగం దూదితో నేను, గుమ్మంలో కళ్లు తుడుచుకుంటున్న మా అమ్మాయి. ఆయన కంగారుగా నన్ను ఎగాదిగా చూశాడు. "యాభై రెండన్నారు కదండీ?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే ఆమె లేచి నిలబడింది.

"యాభై ఏడు అన్నా" అంది. "ముడతలన్నీ ఉన్నాయి, నేను చూసుకున్నా. టీ పెడుతున్నా, కూర్చోండి."